ఎడమ చెవికి అందని గాలి

ఆ ఆదివారం గోదావరి ఒడ్డున గాలి నాకు ఒక్క పక్కనుంచే వినిపించింది. అంతకుముందు ఎప్పుడూ అలా కాలేదు.

నా పేరు యాకూబ్. మహదేవపూర్‌లో టైలర్‌ను. జనగామలో కాలేజీ లెక్చరర్‌గా పనిచేస్తూ ఆదివారాలు మా ఊరి గోదావరికి వచ్చే సుధాకర్ సారు మూడేళ్ల కింద చిరిగిన పెద్ద గాలిపటం ఒకటి తెచ్చి కుట్టిపెట్టమన్నారు. దాన్ని నడుముకు కట్టుకొని, కాళ్ల కింద పలక పెట్టుకొని, గాలి లాగుతుంటే నీళ్ల మీద జారిపోయే ఆట అట. కైట్ సర్ఫింగ్ అంటారు. "సముద్రం లేని జాగల గిదేం ఆట సార్?" అని నవ్వాను. నవ్వి ఊరుకోక చూడ్డానికి వెళ్లాను. ఇక ఆదివారం వస్తే నా కాలు దుకాణంలో నిలిచేది కాదు.

నదిలో ఆడాలంటే ఎన్ని చూసుకోవాలో అక్కడే తెలిసింది. గాలి ప్రవాహానికి ఎదురుగా వీస్తే మంచిది, అది ఎంత తోసినా నీళ్లు మళ్లీ వెనక్కి తెస్తాయి. రెండూ ఒకే దిక్కుకు పోతే మనిషి ఏ ఊరి దగ్గర తేలతాడో చెప్పలేం. చెట్ల మీదుగా వచ్చే గాలి ఆగి ఆగి కుదుపుతుంది, దాన్ని అసలు నమ్మకూడదు. నా పని గాలి దిక్కు చెప్పడం, పటం పట్టుకోవడం. కళ్లు మూసుకొని, రెండు చెవుల్లో గాలి చప్పుడు సమానమయ్యేదాకా తల తిప్పుతాను. సమానమైందంటే ముఖం సరిగ్గా గాలికి ఎదురుగా ఉన్నట్టు. అప్పుడు ఇసుకలో కాలితో గీత గీస్తే, సారు దాన్ని చూసుకొని తాళ్లు పరుస్తారు.

ఆ రోజు ఎంత తిప్పినా సమానం కాలేదు. ఎడమ చెవిలో దూది కుక్కినట్టుంది, లోపల సన్నగా ఈల. పొద్దున నదిలో మునిగాను కదా, నీళ్లు పోయుంటాయనుకున్నాను. "ఏంది భాయ్, గాలి ఎటున్నది?" అని సారు అడిగారు. తెలియడం లేదని చెప్పడానికి నామోషీ అనిపించి, అందాజాగా గీత గీశాను. పటం లేచీ లేవగానే సారును ఇసుక మీద ఈడ్చుకుపోయింది. మణికట్టు విరిగింది.

"గాలి ఒక్కసారే మారింది సార్" అన్నాను. ఆయన నమ్మారు. నేనూ సగం నమ్మాను.

ఇంటికొచ్చాక నా భార్య రజియా వెల్లుల్లి వేసి కాచిన నూనె చెవిలో పోసింది. ఊళ్లోని ఆర్‌ఎంపీ చుక్కల మందిచ్చి, "నీళ్లు పోయినయ్, నాలుగు రోజులల్ల అదే సాఫ్ అయితది" అన్నాడు. నేను పరేషాన్ కాలేదు సరికదా, అదంతా వింతగా ఉండేది. రోడ్డు మీదనుంచి ఎవరైనా పిలిస్తే గోడవైపు తిరిగేవాణ్ని. నా ముందున్న కుట్టుమిషన్ చప్పుడు కుడిపక్క దుకాణంలోంచి వస్తున్నట్టుండేది. ఇదెట్లా అని మిషన్ తొక్కుతూ తల అటూ ఇటూ తిప్పి పరీక్ష చేసుకునేవాణ్ని, పెద్ద తెలివిగల్లవాడిలా.

ఆరో రోజు మహబూబాబాద్‌లో ఉండే మా అక్క ఫోన్ చేసింది. ఎడమ చెవికి పెట్టుకున్నాను. ఒక్క మాటా లేదు. కట్ అయిందనుకొని పెట్టేశాను. మళ్లీ మోగితే కుడి చెవికి పెట్టాను. "నేను మాట్లాడుతుంటెనే పెట్టేస్తవేందిరా?" అని తిట్టింది. ఆ తిట్ల మధ్యలోనే ఫోన్‌ను ఎడమ చెవికి మార్చి చూశాను, తిట్లు వినిపించలేదు.

"ఇగ నూనె బంద్. రేపు దవాఖానకు పోదాం పా" అంది రజియా.

భూపాలపల్లిలో ఈఎన్‌టీ డాక్టరమ్మ ట్యూనింగ్ ఫోర్క్ మోగించి నా నుదుటి నడుమ ఆనించారు. "ఎక్కడ వినిపిస్తోంది?"

"కుడి చెవిల మేడం. నడుమ పెడితె కుడికెందుకు పోయింది?"

ఆమె నవ్వారు. "నీళ్లో గుబిలో అడ్డం ఉంటే, ఆ చెవిలోనే గట్టిగా వినిపించేది. మీకు మంచి చెవిలో వినిపించింది. అంటే ఇబ్బంది లోపల, నరం వైపు ఉంది."

వినికిడి ఎంతుందో చూసే ఆడియోగ్రామ్ తీశారు. కాగితం మీద కుడి చెవి గీత పైన నిలబడింది, ఎడమది అడుగుకు జారింది. "సడన్ సెన్సరీన్యూరల్ హియరింగ్ లాస్. అంటే నరం వైపు వినికిడి ఉన్నట్టుండి పోవడం. ఎన్ని రోజులైంది?"

"వారం."

ఆమె కలం ఆగింది. "ఇది ఎమర్జెన్సీ. మొదటి రోజే రావాలి."

చెవికి కూడా ఎమర్జెన్సీ ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఎందుకొచ్చిందని అడిగాను. వైరస్ కావచ్చు, రక్తప్రసరణ కావచ్చు, చాలామందిలో కారణం దొరకదన్నారు.

స్టెరాయిడ్ మాత్రలు మొదలయ్యాయి. నరం మీద గడ్డ ఏమైనా ఉందేమోనని వరంగల్‌లో ఎంఆర్ఐ తీయించారు. గడ్డ లేదు. కానీ అంత పెద్ద మిషన్ అంత మోత మోగుతున్నా నా ఎడమపక్క ఏమీ లేదు. లోపల పడుకొనే ఏడ్చాను. రెండో వారంలో మాత్రలకు షుగర్ పెరిగింది. వాటిని తగ్గించి, కర్ణభేరి గుండా చెవిలోకే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. "అరగంట మాట్లాడొద్దు, గుటక కూడా మింగొద్దు" అన్నారు డాక్టరమ్మ. గుటక వేయొద్దంటే నోరంతా నీళ్లే ఊరుతాయి. వారానికొకటి చొప్పున మూడు వేశాక బస్సు ఇంజన్, మగవాళ్ల గొంతు తిరిగొచ్చాయి. కుక్కర్ విజిల్, పిట్టల అరుపు రాలేదు.

ఆ వారమే జనగామ వెళ్లాను. సుధాకర్ సారు చేతికట్టు విప్పేశారు. ఆ రోజు నాకు గాలి తెలియలేదని, సిగ్గుపడి గీత గీశానని చెప్పాను.

"తెల్వదంటె పటం మడతబెట్టుకొని ఇంటికి పోతుంటిమి గద భాయ్. ఆన్నించి సీదా దవాఖానకు తీస్కపోతుంటి నిన్ను. నా చెయ్యంటె అతుక్కున్నది..." అని నా ఎడమ చెవివైపు చూశారు.

ఇప్పుడు నేను ఇసుకలో గీత గీయను. వెదురు కర్రకు ఎర్ర గుడ్డపేలిక కట్టి పాతుతాను, అది ఎటు ఎగిరితే అటు. నా ఎడమపక్క ఎవరైనా నిలబడితే ఈ చెవి వినబడదని ముందే చెప్పేస్తాను.

మీకు చెప్పేది ఒక్కటే. బాగున్న చెవి రెండోదాని జబ్బును కప్పేస్తుంది. చెవి మూసుకుపోయినట్టు అనిపిస్తే ఫోన్‌ను ఈ చెవికొకసారి, ఆ చెవికొకసారి పెట్టి చూసుకోండి. ఒకవైపు వినికిడి ఉన్నట్టుండి తగ్గిందని తేలితే చెవిలో ఏమీ పోయకండి, ఆ రోజే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

పోయిన నెల పరీక్షకు వెళ్లినప్పుడు, మొదటి రోజే వచ్చుంటే మొత్తం తిరిగొచ్చేదా అని డాక్టరమ్మను అడిగాను.

"అవకాశం ఎక్కువుండేది. వచ్చేదా లేదా అన్నది మాత్రం ఇక ఎవరికీ తెలియదు యాకూబ్" అన్నారు.