లోపలాయన, మా ఇంటాయన

మా ఇంటాయన వీరభద్ర ఫోన్‌లో ఒక వీడియో మొదలుపెడితే, అది ముగిసేదాకా లేచేవాడు కాదు. బర్రె ఈనేది కానీ, బంగారు అంగడి ప్రకటన కానీ, తెలియని భాషలో ఎవరో చేపను కోసేది కానీ, కడదాకా చూడాల్సిందే. అది ఆయన పెట్టుకున్న మర్యాద.

పొద్దున నేను పెరట్లో బోకులు తోముతుంటే అరుగు మీద నుంచి ఆ ఫోన్ మోత వచ్చేది. మంగంపేట ముగ్గురాయి గనుల్లో ఏళ్ళ తరబడి మిషన్ల పక్కన పనిచేసి చెవులు మందగించిన మనిషి. అందుకని మా ఫోన్ మాకే కాదు, వీధి మొత్తానికీ వినపడేది. ఇప్పుడు పొద్దున అరుగు మీద నుంచి ఏ మోతా రాదు. నేను మాటకారిని కాను. కానీ ఆయన గురించి చెప్పమంటే మాత్రం నాకు నోరొస్తుంది.

"మధ్యలో ఆపితే ఏమైతాదయ్యా?" అని ఒకసారి అడిగాను.

"ఆ పిల్లోడు ఎదురుగ్గా కూచోని చెప్తాండాడు. మధ్యలో లేసిపోతే వానికెట్లుంటాది? నువ్వు చెప్తాంటే నేను లేసిపోతే నీకెట్లుంటాది?"

"నేను చెప్పేటప్పుడు నువ్వు ఎప్పుడు విన్నావు?"

"నీకు సౌండు తక్కువ మే" అన్నాడు.

ఫోన్‌లో ఎవరైనా "నమస్తే" అంటే ఈయన చెయ్యెత్తి "నమస్తే నాయనా" అనేవాడు. గంట నొక్కమంటే నొక్కేవాడు. నొక్కిన ప్రతి గంటా, కొత్త వీడియో వచ్చినప్పుడల్లా మా ఇంట్లో మోగేది. ప్రకటనలు దాటేయడానికి మూలన ఒక మీట ఉంటుందని పసిపిల్లలకు కూడా తెలుసు. ఈయన దాన్ని తాకితే ఒట్టు. నున్నటి బట్టతల నిమురుకుంటూ జుట్టు నూనె ప్రకటన చూస్తుంటే నాకు నవ్వాగలేదు.

"నీకెందుకయ్యా ఆ నూనె?"

"నాకు కాదు. ఆ పాప అంత జుట్టేసుకోని చెప్తాంటే ఇనకపోతే ఏం బాగుంటాది?"

రాయచోటిలో పెండ్లికని బయలుదేరిన రోజు బస్టాండులో ఈయన ఏదో కోడిపుంజు వైద్యం చూస్తున్నాడు. బస్సు వచ్చింది. నేను చెయ్యి పట్టి లాగుతున్నాను. "ఉండు, కోడికి మందు ఏస్తాండాడు" అన్నాడు. కోడి లేచి నిలబడింది, మా బస్సు వెళ్ళిపోయింది.

"ఇంకో బస్సొస్తాది. ఈయప్ప మళ్ళీ రాడు" అన్నాడు నిదానంగా.

నేను మూతి తిప్పుకొని బెంచీ అవతలి కొసకు పోయి కూర్చున్నాను. నన్ను మంచి చేసుకోవాలని బస్టాండు పక్క అంగడిలో ఒక జాకెట్టు గుడ్డ కొన్నాడు. ఇంటికొచ్చి విప్పితే, దాని మీద నెమళ్ళు సగం నిలబడి ఉన్నాయి, సగం తలకిందులుగా ఉన్నాయి. అద్దకంలో తప్పు. తీసుకుపోయి గోడ పక్కింటి షాహనాకు ఇచ్చాను, ఏదో ఒకటి కుట్టి పెట్టమని.

షాహనా కడపలో ఉన్న మా కూతురు మహేశ్వరి ఈడుది. చేతిలో కత్తెర ఉంటే గుడ్డే మాట వింటుంది. కానీ ఊళ్ళోకి రెడీమేడ్ జాకెట్లు వచ్చాక కుట్టించుకునేవాళ్ళు తగ్గిపోయారు. "ఈ రంజాన్ దాకా చూస్తాం పెద్దమ్మా. అప్పటికీ పని రాకపోతే మిషను అమ్మేద్దాం అంటాండాడు ఆయన" అని గోడ మీద గడ్డం ఆనించి చెప్పింది. ఆయన అంటే ఆమె మొగుడు అబూబకర్. ఆ మిషను ఆమెకు పుట్టింటి నుంచి వచ్చింది. దాని చప్పుడు లేని గోడను నేను ఊహించుకోలేకపోయాను.

ఆ రోజుల్లోనే మహేశ్వరి వచ్చి, వాళ్ళ నాయన ఫోన్ చూసి తల పట్టుకుంది. నాటు వైద్యం, పంజాబీ ట్రాక్టర్లు, కొరియా వాళ్ళ కనుబొమలు, అన్నీ కలగాపులగం.

"నాయనా, దీని లోపల అల్గారిథం అని ఒకటి ఉంటాది. నువ్వు కడదాకా చూసినవి నీకు ఇష్టమనుకోని అట్లాంటివే తెస్తాది. శానామంది కడదాకా చూసినదాన్ని ఊరూరికీ చూపిస్తాది. నువ్వు అన్నీ కడదాకా చూస్తే దానికి పిచ్చి పడ్తాది."

"పాపం!" అన్నాడు ఈయన. "లోపలాయన నాకేం కావల్లో తెలీక అల్లాడ్తాండాడన్నమాట."

ఆ రోజు నుంచి మా ఇంట్లో లోపలాయన ఒక మనిషైపోయాడు. టీ పెడుతూ నేనే అడిగేదాన్ని, "లోపలాయనకు గూడ ఒక గ్లాసు తెద్దునా?" అని.

"ఆయన తాగడు. మనం ఏం జేస్తాండామో చూస్తాడు, అంతే."

కొన్నాళ్ళకు అరుగు మీద మోత తగ్గింది. తొంగి చూస్తే ఈయన జాకెట్లు కత్తిరించే వీడియోలు చూస్తున్నాడు! అందులో మాట లేదు, మనిషి ముఖం లేదు. సన్నటి సంగీతం, రెండు చేతులు, ఒక కత్తెర. గుబురు మీసాల మనిషి, గనుల్లో పనిచేసినవాడు, ముక్కు మీదికి అద్దాలు జార్చుకొని ఆడవాళ్ళ జాకెట్ మెడ లోతు చూస్తున్నాడు.

"ఇదేం చోద్యమయ్యా?"

"నేనేం జేద్దును? లోపలాయన చూపిస్తాండాడు."

అంతటితో ఆగితే బాగుండేది. టీ అంగడికి పోయి, పాత స్నేహితుల ఫోన్లు అడిగి తీసుకొని, అన్నింట్లోనూ అవే పెట్టాడు. "కడదాకా చూడండప్పా, మధ్యలో లేయద్దండి, మర్యాద గాదు" అని కాపలా కూర్చునేవాడు. పెద్దమనిషి మాట కాదనలేక టిప్పర్ తోలేవాళ్ళు, మిల్లులో మూటలెత్తేవాళ్ళు, అందరూ వరసగా కూర్చొని చేతి మడతలూ వీపు మీది ముడులూ చూసేవాళ్ళు. వీధిలో ఈయనకు 'జాకెట్ల వీరభద్ర' అని పేరు పెట్టారు. ఈయన నవ్వి ఊరుకున్నాడు.

ఊరుకోనిది రామేశ్వరమ్మ. టిప్పర్ తోలే గోపన్న పెండ్లాం. ఒక పొద్దున మొగుడి ఫోన్ పట్టుకొని మా గుమ్మంలోకి వచ్చింది.

"వీరభద్రన్నా! మా ఆయన ఫోన్ నిండా జాకెట్లే. ఏ ఆడదాని సావాసమో నువ్వే చెప్పల్ల!"

"సావాసం గాదు తల్లీ, అల్గారిథం."

"ఆమె యాడుంటాది?"

నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. రామేశ్వరమ్మ సాక్ష్యం చూపించాలని వీడియో నొక్కింది. "చూడు, ఈ చేతులు చూడు, ఈ ఒయ్యారం చూడు, ఈ మెడ... ఉండు. ఈ మెడ ఎట్ల తిప్పింది? అన్నా, ఉండు, ఆపద్దు!"

"నేను ఆపనమ్మా. నాకు ఆ అలవాటే లేదు" అన్నాడు ఈయన.

తిట్టడానికి వచ్చిన మనిషి అరుగు మీద కూర్చొని కడదాకా చూసి, ఇంకొకటి కూడా చూసి, చెల్లెలికి పంపి పోయింది. తరువాత మరో ఇద్దరు పెండ్లాలు కొట్లాటకు వచ్చి అట్లే చూసి పోయారు.

రంజాన్ వచ్చింది, పోయింది. పక్కింటి మిషను చప్పుడు ఆగలేదు. ఇంకా ఎక్కువైంది. పని దొరికినట్టుందని నేను సంతోషపడ్డాను.

పోయిన ఎండాకాలం మా ఇంటాయన నిద్రలోనే పోయాడు. ఆయన మధ్యలో లేచిపోయింది ఆ ఒక్కసారే.

కర్మకాండ అయ్యాక మహేశ్వరి ఆయన ఫోన్ నా చేతికిస్తూ, "అమ్మా, ఇందులో నాయన చూసినవే వస్తాంటాయి. అన్నీ తీసేసి కొత్తదాని మాదిరి చేసిస్తా, నీకు ఇష్టమైనవి వస్తాయి" అంది.

గోడ అవతల నుంచి షాహనా పరుగున వచ్చింది. "వద్దు మహీ, తీయొద్దు! పెద్దమ్మా, ఆ చేతులు నావి."

మేమిద్దరం నోరు తెరిచాం.

"మిషను అమ్మేలోపల ఇదొకటి చేసి చూద్దామని మొదలుపెట్టినా. ఓడిపోతే నగుబాటని మా అత్తకు గూడ చెప్పలే. చూసేటోళ్ళు మెడ కత్తిరించే లోపలే పోతాండిరి. ఒకనాడు పెద్దనాయన గోడకాడికొచ్చి, 'ఏమ్మా, ఫోన్లో మా ఇంటామె నెమళ్ళను కత్తిరిస్తాండేది నువ్వే గదా' అన్న్యాడు. ఎవరికీ చెప్పొద్దని కాళ్ళు పట్టుకున్నంత పని చేసినా. 'చెప్పను. లోపలాయన్తో మాత్రం మాట్లాడ్తా' అన్న్యాడు."

మహేశ్వరికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "మీసాలోళ్ళంతా జాకెట్లు కడదాకా చూస్తాంటే లోపలాయన ఏమనుకోనుంటాడో!"

ఏమనుకున్నాడో కానీ, ముందు గనుల మొగవాళ్ళకూ, తరువాత వాళ్ళతో కొట్లాడిన పెండ్లాలకూ, ఆ పైన ఊరూరికీ చూపించాడు. ఇప్పుడు రాయచోటి నుంచి, అటు కోయిలకుంట్ల నుంచి కూడా షాహనాకు కొలత జాకెట్లు పార్సిల్లో వస్తున్నాయి. గోడ పక్కన రెండో మిషను కూడా మోగుతోంది. వీధంతా నవ్వుతుంటే ఒక ఆడపిల్ల గుట్టు కోసం 'జాకెట్ల వీరభద్ర' అనిపించుకున్న మనిషికి నేను పెండ్లాన్ని. ఆ నెమళ్ళ జాకెట్టు పండగలకు వేసుకుంటాను. షాహనా ఎట్లా కుట్టిందో కానీ, అన్నీ నిలబడే ఉన్నాయి.

ఈ పొద్దున బోకులు ముందేసుకొని కూర్చున్నానో లేదో, గంట మోగింది. షాహనా కొత్త వీడియో. ఫోన్‌ను తొట్టి గోడకు ఆనించాను. మాట లేని వీడియో కదా, చెవితో వింటూ పని చేసుకునేది కాదు. చేతులు కడుక్కొని ఎదురుగా కూర్చున్నాను. ఇప్పుడే మెడ దగ్గరికి వచ్చింది. బోకులు నాననీ. మధ్యలో లేస్తే లోపలాయన ఏమనుకుంటాడు?