పుసికళ్ళోళ్ళ కోడలు

పుసి పట్టని కన్ను లేదు. నిద్రలో కంటి మూల చేరుతుంది, లేచి నీళ్ళు చల్లుకుంటే పోతుంది. మా సరస్సుకు అవతలి ఒడ్డున తమిళం వాళ్ళు దాన్నే పీళై అంటారు. ఎవరూ దాన్ని ఇంటిపేరుగా పెట్టుకోరు. మా ఊరివాళ్ళు మాత్రం ఒక ఇంటికి పెట్టారు.

దొరవారిసత్రం దాటి పులికాట్ ఒడ్డున ఉంటుంది మా ఊరు. మా పక్కింటి చెంగయ్య వాళ్ళ తాత ఒకనాడు కళ్ళు కడుక్కోకుండా పడవెక్కాడట. అంతే, వాళ్ళది పుసికళ్ళోళ్ళ ఇల్లయింది. వెక్కిరించిన వాళ్ళు పోయారు, పడ్డాయన పోయాడు, ఆ మాయదారి పేరు మాత్రం పోలేదు. చెంగయ్యను చేసుకుని వచ్చిన ఆదిశేషమ్మవి తేటైన కళ్ళు. అయినా వచ్చిన మర్నాటి నుంచే ఆమె పుసికళ్ళోళ్ళ కోడలు. మొదట్లో ఏడ్చేది. తర్వాత ఆ పిలుపుకే పలకడం నేర్చుకుంది.

మొన్న కార్తీకంలో వలలోంచి రొయ్యలు ఏరుతుంటే ముల్లొకటి ఆమె కుడికంట్లో గుచ్చుకుంది. రెండోనాటికి కన్ను ఎర్రబడింది. తెల్లారి లేచేసరికి రెప్పలు అతుక్కుపోయి, పచ్చగా కారేది.

"కన్ను నొస్తా ఉండాది. ఓర్చుకోలేకుండా ఉండా," అని మొగుడితో చెప్పింది.

"మా ఇంట్లో పుసి కొత్తేముండాది మే. కడుక్కో, పోతాది," అన్నాడు చెంగయ్య.

అత్త ఆముదం చుక్క వేసింది. రేవులో ఆడవాళ్ళు, "ఇన్నాళ్ళకు అత్తగారింటి పోలిక వచ్చింది గదక్కా నీకు," అని నవ్వారు. ఊళ్ళో మందులిచ్చే మధుబాబు రెప్ప ఎత్తి చూడనైనా లేదు. "మీ ఇంటోళ్ళకు మామూలే గదా," అని చుక్కల మందు చేతిలో పెట్టి పంపాడు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఊరినిండా కళ్ళున్న మనుషులే, ఒక్కరూ ఆ కంట్లోకి చూడలేదు.

చూపు మసకబారాక గానీ చెంగయ్య కదల్లేదు. పక్కింటిదాన్ని కాబట్టి సూళ్ళూరుపేటకు నేనూ తోడు వెళ్ళాను. డాక్టరమ్మ లైటు వేసి చూసి, ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉందని అడిగింది.

"పుసి పట్టి వారం పైనే అయిందమ్మా," అన్నాడు చెంగయ్య.

"ఇది పుసి కాదయ్యా, చీము. నల్లగుడ్డు మీద పుండు పడింది. మొదట్లోనే తెచ్చుంటే కన్ను దక్కేది. ఇక ఈ కంటికి చూపు రాదు."

తిరుగు బస్సులో చెంగయ్య గొణిగాడు.

"అంత నొప్పిగా ఉంటే అప్పుడే చెప్పుండకూడదా మే?"

ఆదిశేషమ్మ మిగిలిన కంటితో అతన్ని చూసింది.

"నొప్పి అనే చెప్పినా. మీ అందరికీ పుసి అని ఇనపడింది."