రాజమణక్క వదిలేసిన పదో మాట

నిన్న పొద్దున ఆరున్నరకు అమ్మ ఫోన్. నిజామాబాద్ హాస్టల్‌లో అప్పుడే కళ్లు తెరిచాను.

"స్వప్నా, మన రాజమణక్క పోయిందే బిడ్డా. తెల్లారంగ దమ్ము ఎక్కువైంది. ఆటో ఎక్కియ్యంగనే..."

ఆ తర్వాత అమ్మ ఏం చెప్పిందో నాకు వినపడలేదు.

ఆదివారం అన్న మాట ఒక్కటే బుర్రలో తిరిగింది. మూడుసార్లు వస్తానని చెప్పి, మూడుసార్లూ ఎగ్గొట్టిన ఆదివారం.

తెలియని వాళ్ల కోసం చెప్తున్నాను. రాజమణక్క బాన్సువాడలో మా గల్లీలో బీడీలు చుట్టేది. చదివింది ఇంటర్. రోజూ సాయంత్రం నాలుగున్నరకు, ఒళ్లో రేకు చాట పెట్టుకుని బీడీలు చుడుతూనే, వరండాలో గల్లీ పిల్లలకు ఇంగ్లిష్ స్పెల్లింగ్ నేర్పేది.

తంబాకు దుమ్ముకు ఆమె గొంతు ఎప్పుడో పాడైంది. వరసగా నాలుగు మాటలంటే దగ్గు. అందుకే రూల్స్ నోటితో చెప్పేది కాదు.

చప్పుళ్లతో చెప్పేది.

"మేక్... ఇంగ్" అని, కత్తెరతో తునికాకు అంచు కర్రున కత్తిరించిందంటే చివరి 'ఈ' అక్షరం తీసేయాలి.

"రన్... ఇంగ్" అని, కత్తెర పిడితో చాట మీద టక్ టక్ అని రెండు దెబ్బలు కొడితే చివరి అక్షరం డబుల్.

'బేబీ'కి ప్లూరల్ అంటే గోటితో రేకు మీద జర్రున ఒక గీత. 'వై' పోయి 'ఐ' వచ్చి కూర్చుంటుంది.

'లీఫ్'కి మాత్రం ఒక ఆకు తీసి పర్రున చింపేది. 'ఎఫ్' పోయి 'వి'.

మాకు ఆ రూల్స్ కళ్లతో కాదు, చెవులతో వచ్చాయి.

టెన్త్ ఇంగ్లిష్ పరీక్షలో మా గల్లీ పిల్లలం నలుగురం ఒకే రూమ్‌లో పడ్డాం. రాస్తూ రాస్తూ తెలియకుండానే బెంచీల మీద టక్ టక్ కొట్టేస్తున్నాం. ఇన్విజిలేటర్ ఉలిక్కిపడ్డాడు.

"ఏంది గా చప్పుడు? కోడ్ లాంగ్వేజా?" అని నలుగురినీ నాలుగు మూలల్లో కూర్చోబెట్టాడు.

ఆ సంగతి చెప్తే అక్క దగ్గొచ్చేదాకా నవ్వింది. "పోలీసోళ్లను పిలువలేదు, నయం!"

డిక్టేషన్ రోజూ పది మాటలు. తొమ్మిది అక్క చెప్పేది. పదోది ఆమె పక్కన పీట మీద కూర్చున్న పెద్ద పిల్ల చెప్పాలి. అది అక్క పెట్టిన పద్ధతి. నా టెన్త్ అంతా ఆ పీట నాదే.

నెల కింద ఊరికి వెళ్తే అక్క నా చెయ్యి పట్టుకుంది. చెయ్యంతా తంబాకు వాసన.

"పిల్లలకు పరీక్షలు దగ్గరికొచ్చినయ్ స్వప్నా. నాకు దమ్ము సాల్తలేదు. ఆదివారం ఆదివారమన్న వచ్చి చూడరాదు?"

"వస్త అక్కా. పక్కా."

కోచింగ్, మాక్ టెస్టు, తలనొప్పి. నా దగ్గర సాకులకు కరువా?

నిన్న పది దాటాక బస్సు దిగాను. మధ్యాహ్నానికి అన్నీ అయిపోయాయి. ఆకులు కత్తిరించే ఆ పెద్ద కత్తెరను అవ్వ, అంటే అక్క వాళ్లమ్మ, పాడె మీద అక్క చేతి పక్కనే పెట్టి పంపింది. "అది లేకుంటె దానికి చేతులాడయ్" అంది. నా కళ్లతో చూశాను.

ఇల్లు కడిగారు. లోపలి గదిలో, అక్కను పడుకోబెట్టిన చోట, దీపం పెట్టారు. చుట్టాలు వెళ్లిపోయారు. వరండాలో నేను, అవ్వ.

నాలుగున్నరకు పిల్లలు వచ్చారు.

ఏడుగురు. అక్కను పాడె మీద తీసుకెళ్లడం చూసిన పిల్లలే. చెప్పులు విప్పి, వరసగా కూర్చుని, నోట్‌బుక్స్ తెరిచారు.

"ఇయ్యాల లేదమ్మా, ఇంటికి పోండ్రి" అన్నాను.

"టైమ్ అయింది గదక్కా" అంది శ్రావణి. ఐదో తరగతి.

"కూసోనియ్ బిడ్డా" అంది అవ్వ, నా వైపు చూడకుండా.

అప్పుడు వినపడింది.

కర్రు.

లోపలి గదిలోంచి. ఏడు తలలు ఒకేసారి వంగాయి. ఏడు పెన్నులు కదిలాయి.

కాసేపటికి టక్ టక్. మళ్లీ రాశారు.

లేచి వెళ్లి తలుపు తోశాను. దీపం, గోడకు ఆనించిన చాట, తడిగుడ్డలో చుట్టిన ఆకు కట్ట. అంతే. ఎవరూ లేరు. వెనక్కి తిరిగేసరికి జర్రుమని గోటి గీత, సరిగ్గా నా వీపు వెనక.

బయటికి వచ్చి అవ్వ పక్కన కూలబడ్డాను. అవ్వ నా మోకాలి మీద చెయ్యి వేసింది.

చప్పుళ్లు ఆగాక నోట్‌బుక్స్ చూశాను. ఏడింటిలోనూ అవే మాటలు, అదే వరస. ఒక్క మాట కూడా ఎవరూ పైకి చెప్పలేదు.

తొమ్మిది మాటలు. కింద '10' అంకె వేసి, ఖాళీ.

పిల్లలు నన్నే చూస్తున్నారు.

"పదోది నువ్వే చెప్పాల్నట గదక్కా" అంది శ్రావణి. అట, అంది. ఎవరు చెప్పారని అడిగే ధైర్యం నాకు లేదు.

పీట అక్క జాగా పక్కనే ఉంది. వెళ్లి కూర్చున్నాను. అవ్వ లోపలికి వెళ్లి ఒక ఆకు తెచ్చి నా చేతిలో పెట్టింది. అక్క మొన్న నానబెట్టిన ఆకు. ఇంకా మెత్తగానే ఉంది.

"లీఫ్" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఆకును పర్రున చింపాను.

ఏడు తలలు వంగాయి.

ఆ తర్వాత లోపలి గదిలోంచి ఏ చప్పుడూ రాలేదు. చీకటి పడేదాకా విన్నాను.

అక్కా, హాస్టల్‌కు ఫోన్ చేసి చెప్పేశాను. వీళ్ల పరీక్షలు అయ్యేదాకా ఇక్కడే ఉంటా. ఇవాళ పది మాటలూ నేనే చెప్తా.

ఇగ కత్తెర కింద పెట్టు. దగ్గు లేని నిద్ర పో, అక్కా. నిమ్మళంగా.