పుట్టినింటి నూనె

మా అత్త కెంపమ్మ ఇరవై ఏళ్ళుగా విమానాలకు పూలు సర్దుతోంది. హోసూరుకు దగ్గర, బేరిగై పక్కన గులాబీలు పెంచే పాలీహౌస్‌లో పని. తెల్లవారి కోసిన పూలను కాడ పొడుగును బట్టి వేరు చేసి, ఇరవై చొప్పున కట్ట కట్టి, మొగ్గ నలగకుండా అట్ట చుట్టి పెట్టెలకెత్తుతుంది. ఆ పెట్టెలు బెంగళూరు పోయి, అక్కడినుంచి నోరు తిరగని పేర్లున్న ఊళ్ళకు ఎగిరిపోతాయి. అత్త మాత్రం తన యాభై ఎనిమిదేళ్ళలో పోయిన ఏడాది ఒక్కసారే విమానం ఎక్కింది. ఆ ప్రయాణానికి సంచి సర్దింది నేను. సర్దినంతసేపూ ఆమెతో అబద్ధాలు చెప్పాను.

అత్త అంటే మా నాన్నకు అక్క. వాళ్ళమ్మ పోయేనాటికి అత్తకు పదహారేళ్ళు, చివరి చెల్లెలు ఇంద్రాణికి మూడేళ్ళు. ఇంద్రాణిని పెంచింది అత్తే. పెళ్ళయి డెంకణికోటకు పోయినా శుక్రవారం వచ్చేసరికి బస్సెక్కి పుట్టింటికి వచ్చేదట, చెల్లెలికి తలంటడానికి. మొగుడు గొణిగితే గొణిగాడు, ఈవిడ లెక్కచేసింది లేదు. ఆయన పోయాక పిల్లాజెల్లా లేని మనిషి మా ఇంటికే వచ్చేసింది. ఇంద్రాణత్త పెళ్ళి నాటికి నాకు ఆరేళ్ళు. ఇరవై నాలుగేళ్ళ ఆడపిల్లను పీట మీద కూర్చోబెట్టి, మాడు మీద టపటపా నూనె కొడుతుంటే, ఆమె నొప్పి అక్కా అంటే ఇంకో రెండు ఎక్కువ కొట్టడం నాకు బాగా గుర్తు.

ఇంద్రాణత్త మొగుడు ఏళుమలై కృష్ణగిరిలో గ్రానైట్ రాయి కోసే మిషన్ మీద పనిచేసేవాడు. పన్నెండేళ్ళ కిందట ఎక్కువ జీతమని ఉదయ్‌పూర్ పోయారు. రెండేళ్ళకొకసారి వచ్చేవాళ్ళు. వచ్చిన మరుసటి రోజు ఏ వారమైనా సరే మా ఇంట్లో అది శుక్రవారమే.

ఆ మంగళవారం పొద్దున ఐదున్నరకు ఏళుమలై మామ నాకు ఫోన్ చేశాడు. ఇంద్రాణత్త నాలుగు రోజులుగా జ్వరంతో ఆస్పత్రిలో ఉందని మాకు తెలుసు.

"చైత్రా, మీ అత్త లేదమ్మా. నాలుగున్నరకి పోయింది. వదినమ్మకి ఇప్పుడే చెప్పొద్దు, ఆ గుండె తట్టుకోదు. ఎట్లైనా పిల్చుకొని వచ్చేయండి. రేపు పొద్దున ఎత్తుతాము."

అంతకుముందు ఏడాదే అత్త గుండెకు స్టెంట్ వేశారు. డాక్టరు పెద్ద విషయాలు మెల్లగా చెప్పమన్నాడు. నేను దాన్ని అసలు చెప్పొద్దన్నట్టు తీసుకున్నాను. అమ్మానాన్నలు పోయాక ఆ ఇంట్లో మిగిలింది అత్తా నేనూ. ఆమెకు ఏమన్నా అయితే అనే భయం నాకుంది. నిజం చెప్పాలంటే, ఏడుస్తున్న అత్తను ఎలా పట్టుకోవాలో తెలియని భయం ఇంకా ఎక్కువగా ఉంది.

"చిన్నత్తకి జ్వరం తగ్గలేదంట, ఐ.సి.యు.లో పెట్టినారంట. మనం పోయి చూసి వద్దాము," అన్నాను. మధ్యాహ్నం మూడింటి విమానానికి రెండు టికెట్లు దొరికాయి.

నేను హోసూరులో సెల్‌ఫోన్ భాగాలు చేసే ఫ్యాక్టరీలో లైన్ లీడర్‌ని. ట్రైనింగ్ పేరుతో కంపెనీవాళ్ళు రెండుసార్లు విమానం ఎక్కించారు. దాంతో మా వీధిలో ఆకాశం గురించి ఏ సందేహం వచ్చినా నన్నే అడుగుతారు. ఆ పొద్దున అత్త కూడా మంచం మీద సామాను పరిచి ఒక్కొక్కటే అడిగింది.

"గంధం సబ్బు ఎత్తుకోవచ్చునా?"

"సబ్బు గట్టిది గదా అత్తా, పోనిస్తారు. నీళ్ళగా ఉండేవీ జిగటగా ఉండేవీ మాత్రం చిన్న సీసాల్లో ఉండాల. వంద మిల్లీకి మించకూడదు."

"పేస్టు?"

"అదీ నీళ్ళ లెక్కే. చిన్న ట్యూబు పెట్టినాను."

"పేస్టు నీళ్ళు యాడనుంచి అయింది పాపా?"

"వాళ్ళ లెక్క అట్ల."

"సరే, బ్రష్షు ఇంకొకటి పెట్టు. దానిది ఆస్పత్రిలో యాడ పారేసినారో ఏమో."

నేను కొత్త బ్రష్ అట్ట కూడా చింపకుండా సంచిలో పెట్టాను. అత్త రెండు దువ్వెనలు చేతిలో పట్టుకొని చూసి, పళ్ళు దూరంగా ఉన్నది ఇచ్చింది. జ్వరంలో పడుకున్నవాళ్ళ జుట్టు చిక్కులు కట్టి ఉంటుందని, సన్నపళ్ళది వేస్తే దానికి నొప్పి పుడుతుందని చెప్పింది. ఆ దువ్వెన తీసుకొని సంచి అడుగున పెట్టాను. కనపడకుండా వెంటనే జిప్ లాగాను.

నియమాలు చెబుతున్నంతసేపూ నా గొంతు మామూలుగా ఉంది. అందుకే అడగనివి కూడా చెప్పాను. కత్తెర వద్దు, బ్లేడు వద్దు, అగ్గిపెట్టె వద్దు, ఊరగాయ వద్దు. పౌడరు చిన్న డబ్బా చాలు. తలనూనె అని ఆమె అడిగితే, అంగట్లో దొరికే టెంకాయ నూనె చిన్న సీసా ఒకటి చూపించి, దాని మీద అచ్చు వేసిన వంద అనే అంకెను కూడా చదివాను. అత్త తలూపింది. ఎవరైనా చూసి ఉంటే మేమేదో పెళ్ళికి పోతున్నామనుకునేవాళ్ళు.

పక్కింటి అంజనమ్మకు నేనే పెరటి గోడ దగ్గర చెవిలో చెప్పి, నోరు జారొద్దని మూడుసార్లు బతిమాలాను. పాపం ఆమె నోరు జారాలని రాలేదు. అత్త చేతిలో ఇడ్లీ పొట్లం పెట్టి, మొహం చూడలేక ఇంటి కప్పు వైపు చూస్తూ నిలబడింది. ఆ తర్వాత, మన ఆడవాళ్ళకు అలవాటైన మాట తనంతట తానే వచ్చేసింది.

"పుట్టినింటి నూనె, శీకాయ మరిచేరు కెంపక్కా."

జబ్బు చేసిన మనిషిని చూడబోతుంటే రొట్టె తీసుకుపొమ్మంటారు, లేత టెంకాయ ఎళనీరు తీసుకుపొమ్మంటారు. పుట్టినింటి నూనె, శీకాయ అనే మాట మా వైపు ఒక్క సందర్భంలోనే అంటారు. పోయిన ఆడమనిషి తలకు పుట్టింటివాళ్ళు తెచ్చిన నూనె, శీకాయపొడి పెట్టాకే కడపటి నీళ్ళు పోస్తారు. అవి రాకపోతే పుట్టిల్లు లేనిదానిలా పోయిందని చెప్పుకుంటారు. వంద మిల్లీ లెక్కలన్నీ అప్పజెప్పిన నాకు ఇది గుర్తే రాలేదు.

అంజనమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను అత్త మొహం చూశాను. "ఊ," అంది అత్త, అంతే. ఇడ్లీ పొట్లం నాకిచ్చి వంటింట్లోకి పోయింది. కాసేపు డబ్బాల చప్పుడు వినిపించింది. ఆమెకు అర్థం కాలేదని నాకు నేనే చెప్పుకున్నాను. మనకు కావలసినది నమ్మడానికి ఎంతసేపు పడుతుంది.

కారు బాగలూరు మీదుగా పోయింది. అత్త దారి పొడుగునా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. తను విడిగా సర్దుకున్న గుడ్డసంచిని ఒడిలోంచి దించలేదు. ఫోన్‌లో ఏళుమలై మామ పేరు కనిపించినప్పుడల్లా నేను డ్రైవరుక్కూడా వినిపించేటట్టు, "జ్వరం ఎట్లుంది మామా?" అని గట్టిగా అడిగాను. అటువైపు ఆయన ఏడుస్తుంటే, "సరే సరే, తగ్గుతుందిలే," అని పెట్టేశాను. అత్త ఒక్కసారి కూడా ఏమన్నాడని అడగలేదు. ఆ అడగకపోవడాన్ని నేను పట్టించుకోలేదు.

విమానాశ్రయంలో తనిఖీ దగ్గర నా సంచి ఇబ్బంది లేకుండా దాటిపోయింది. అత్త గుడ్డసంచిని పక్కకు తోశారు. యూనిఫాం వేసుకున్న అమ్మాయి ఒకతె దాన్ని విప్పమంది. లోపల చీర, దాని కింద శీకాయపొడి పొట్లం, అట్ట చుట్టి దారంతో కట్టిన పొడుగాటి కట్ట ఒకటి. పాలీహౌస్‌లో పూలకు చుట్టినట్టే చుట్టింది. విప్పితే అర లీటరు సీసాలో సగానికి నువ్వుల నూనె.

"ఇది పోదమ్మా, పారేయాలి," అని ఆ అమ్మాయి కన్నడంలో చెప్పింది.

"అత్తా, నేను చెప్పినాను గదా," అన్నాను. నాకు కోపం కూడా వచ్చింది. "చిన్నది పెట్టినాను, అది చాలు. ఆడికి పోయి ఎంత కావాలంటే అంత కొంటాము. ఆస్పత్రిలో తలకి పోసుకొనేదానికి ఇంత ఎందుకు?"

అత్త నావైపు తిరగలేదు. ఆ అమ్మాయితోనే, కన్నడంలో, మామూలు గొంతుతో మాట్లాడింది.

"కొనేది పనికిరాదు తల్లీ. నా చెల్లెలు పొద్దున చచ్చిపోయింది. పుట్టింటి నూనె పెట్టి నీళ్ళు పోయాల. పుట్టిల్లంటే నేనే."

ఆ అమ్మాయి నావైపు చూసింది. నేను ట్రేలవైపు చూశాను. వెనక జనం బూట్లు విప్పుతున్నారు, బెల్టులు తీస్తున్నారు. ఆమె పోయి పెద్దాయనను అడిగి వచ్చింది. సీసా పోనివ్వడానికి వీల్లేదు, చిన్న సీసాలో పట్టినంత తీసుకుపొమ్మన్నారు. నేను పరుగెత్తి మరుగుదొడ్డిలో టెంకాయ నూనె ఒంపేసి, కాగితంతో సీసా లోపలంతా తుడిచి తెచ్చాను. అత్త నిలబడే నూనె పోసింది. ఒక్క చుక్క కింద పడలేదు. మిగిలింది అక్కడే వదిలేసింది. చావుకని బయటికి తీసిన నూనె ఇంటికి తిరిగి రాకూడదు.

ఇద్దరం గేటు దగ్గర కుర్చీల్లో కూర్చున్నాం. పక్కన ఎవరో దోసె తింటున్నారు.

"అంజనమ్మ అన్నప్పుడే తెలిసినాదా అత్తా?"

"ఊ."

"మరి నన్ను ఎందుకు అడగలేదు?"

"నువ్వు అంత కష్టపడి దాస్తా ఉంటే ఏమని అడిగేది? నాకోసమే గదా అనుకొన్నాను." ఆమె కొంగుతో నూనె చేతులు తుడుచుకుంది. "ఇంట్లోనే చెప్పింటే వాకిట్లో కూర్చొని ఏడ్చుకొనేదాన్ని. వీధి ఆడోళ్ళంతా వచ్చి పట్టుకొనేవాళ్ళు. ఈడ యాడ ఏడ్చేది పాపా?"

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి ఇచ్చింది కానీ మనిషి దగ్గరికి రాలేదు. విమానం ఎక్కేటప్పుడూ, దిగేటప్పుడూ ఏడవలేదు. మరునాడు పొద్దున చెల్లెలి తలకు నూనె పెట్టింది. ఆ తలమీద ఎప్పుడూ టపటపలాడిన చెయ్యి చప్పుడు లేకుండా కదిలింది. అక్కడి ఆడవాళ్ళు ఒకరితో ఒకరు ఏదో అనుకున్నారు. ఏమన్నారని ఏళుమలై మామను అడిగితే, అక్కకు రాతిగుండె అంటున్నారని చెప్పాడు. కాదని వాళ్ళ భాషలో ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

మూడో రోజు తిరిగి వచ్చాం. అంజనమ్మ వాకిట్లోనే ఎదురొచ్చి అత్తను కావలించుకొని బోరుమంది. అత్త ఆమె వీపు నిమిరి, ఇక చాలు ఊరుకోమంది. మరుసటి రోజు పూల పనికి పోయింది. ఇప్పటికి తొమ్మిది నెలలు. శుక్రవారాలు నేను ఇంట్లోనే ఉంటున్నాను, షిఫ్టు మార్చుకొని. ఒక్కసారి ఏడుస్తుందేమో, ఈసారి పట్టుకుందామని చూస్తున్నాను. అత్త ఇంకా ఏడవలేదు.