చలి చేతుల తహ్వో

పోస్ట్‌మాన్ తహ్వోకి ఉన్నది ఒకటే జబ్బు. చేతులు చల్లబడతాయి. మిగతా ఒళ్లు సంగతి అతనికి పట్టదు. ముక్కు మీద మంచు పేరుకున్నా, మీసం గడ్డకట్టి పుల్లలా తయారైనా దులుపుకోడు. చేతుల్ని మాత్రం పసిబిడ్డను సాకినట్టు సాకుతాడు.

మోటార్‌సైకిల్ హ్యాండిల్‌కి రెండు వైపులా రెండు పాత ఉన్ని బూట్లు తొడిగాడు. బండి నడిపేటప్పుడు చేతులు మోచేతుల దాకా వాటిలోకి దూరుస్తాడు. దూరం నుంచి చూసేవాళ్లకి ఎవరో బండిలోకి తలకిందులుగా దూకితే కాళ్లు మాత్రం పైన మిగిలినట్టు ఉంటుంది. ఒక్కో బూటులో ఒక్కో ఉడికిన బంగాళాదుంప. అవి చల్లారాక ఉప్పు వేసుకుని తింటాడు. చేతి తొడుగుల లోపల కుందేలు చర్మం, దాని లోపల వార్తాపత్రిక.

"తహ్వో, మా పేపర్లో ఆటల పేజీ రావట్లేదేం?" అని మెకానిక్ రేనో ఒకసారి నిలదీశాడు.

"ఈ వారం ఎవరూ ఆడలేదు," అన్నాడు తహ్వో.

ఇంత చేసినా సరస్సు అవతల ఇళ్లకు చేరేసరికి చేతులు మొద్దుబారిపోయేవి. గుమ్మంలో నిలబడి ముందు ఆ మాటే చెప్పేవాడు. "చేతులు పోయాయి. పొయ్యి ఉందా?" ఉత్తరం తర్వాత. ఒకసారి చావు కబురు తెచ్చి కూడా ముందు పొయ్యి సంగతే అడిగాడని ఊళ్లో చెప్పుకునేవారు. అది అబద్ధం. కానీ చెబితే అందరూ నమ్మారు.

ఈ వ్యవహారమంతా పోస్టాఫీసు చూసుకునే సైమి మెడకు చుట్టుకుంది. అవతలి ఇళ్లవాళ్లు రాసిన ఉత్తరాలు తహ్వోయే తెస్తాడు. వాటిని పట్నం బస్సు పట్టుకుపోతుంది. అతను వచ్చేసరికి బస్సు వెళ్లిపోయేది. చివరికి పై అధికారి ఫోన్ చేశాడు. ఆలస్యం ఇలాగే సాగితే సరస్సు అవతలికి పోస్టు ఆపేస్తారట. కూడలిలో పెట్టెలు పెడతారట, కావలసినవాళ్లు వచ్చి తీసుకోవాలట.

"అక్కడ చాలామంది ముసలివాళ్లండీ," అంది సైమి.

"నడక ఒంటికి మంచిది," అన్నాడు అధికారి.

సైమి రేనోని పట్టుకుంది. అతను బ్యాటరీ నుంచి తీగ లాగి, బండికి వేడెక్కే పిడులు బిగించాడు. వాటిని చూసి తహ్వో ముఖం ఎవరో పోయినట్టు వేలాడేశాడు.

"వేడిగా ఉన్నాయా లేదా?" అంది సైమి.

"ఉన్నాయి."

"మరి ఆ ముఖం ఏమిటి?"

"ఎడమ చెయ్యి ఒప్పుకోవడం లేదమ్మాయ్."

ఆ రోజు అంతకు ముందు కంటే ఆలస్యంగా వచ్చాడు.

మర్నాడు సైమి ఆఫీసు తలుపుకి గొళ్లెం పెట్టి, బండికి పక్కన బిగించిన తొట్టిలో ఉత్తరాల సంచుల మధ్య కూర్చుంది. "నడవండి. ఈ చేతుల సంగతేమిటో ఇవాళ చూస్తాను," అంది.

బండి గడ్డకట్టిన సరస్సు మీదికి దిగింది. మంచు కింద నీళ్లు నిద్రపోతున్నాయి. దారికి గుర్తుగా నాటిన కొమ్మలు ఒక్కొక్కటే ఎదురొచ్చి, ఒక్కొక్కటే వెనక్కి జారిపోయాయి. పగలే, కానీ వెలుగు నీలంగా ఉంది. ఆకాశం ఎక్కడ ఆగిందో, సరస్సు ఎక్కడ మొదలైందో తెలియలేదు. బండి కదులుతోందో, ఒడ్డే నెమ్మదిగా వాళ్ల వైపు వస్తోందో కూడా తెలియలేదు. ఎందుకొచ్చిందో సైమి కాసేపు మరిచిపోయింది.

అవతల మొదటి ఇంటి పొగగొట్టం నిండా పొగ. తహ్వో పెట్టెలో ఉత్తరం పడేసి ఆగకుండా పోయాడు. రెండో ఇంటి ముందు పిల్లలు జారుడుబల్ల ఆడుతున్నారు. అక్కడా ఆగలేదు. చేతుల ఊసే లేదు.

మూడోది లోవీసా అవ్వ ఇల్లు. పొగ లేదు. తహ్వో కట్టెల కొట్టం పక్కన బండి ఆపాడు. బూట్లలోంచి చేతులు తీశాడు, తొడుగులు విప్పాడు, కుందేలు చర్మం తీశాడు, పేపరు తీశాడు. తీసి, వట్టి చేతులు రెండూ మంచులోకి గుచ్చాడు.

సైమి తొట్టిలోంచి ముందుకు వంగింది. "ఏం చేస్తున్నారు?" అంది.

"చల్లబరుస్తున్నా."

"వేటిని?"

"చేతుల్ని. అవ్వ పట్టుకు చూస్తుంది. నువ్వు పెట్టించిన పిడులున్నాయి చూశావూ, వాటి వేడి ఎంతకీ దిగట్లేదు. నిన్న ఇక్కడే పొద్దుపోయింది."

సైమి తొట్టిలోంచి దిగింది. తహ్వో గొంతు తగ్గించాడు. "ఊరి సంఘంవాళ్లు కట్టెలు పంపితే బండెడు బండీ వెనక్కి తిప్పేసింది. నేనేమన్నా అడుక్కుంటున్నానా అంది. తనొక్కదాని కోసం పొయ్యి వెలిగించదు, కోటు వేసుకుని కూర్చుంటుంది. వచ్చినవాడు వణుకుతుంటే మాత్రం ఊరుకోలేదు. ఈ ఒడ్డున ఒంటరివాళ్లందరిదీ ఇదే తంతు."

లోపలికి వెళ్లారు. లోవీసా అవ్వ కోటులో ఉంది.

"చేతులు పోయాయి. పొయ్యి ఉందా?"

"ఒరే తహ్వో, నువ్వు మనిషివా, కప్పవా? ఏవీ, ఇలా తే." అవ్వ అతని చేతులు పట్టుకుని చూసి, పెదవి విరిచింది. "చచ్చిన చేపలు నయం. కూర్చో." విసుక్కుంటూనే పొయ్యి రాజేసింది, కాఫీ గిన్నె ఎక్కించింది.

"కూర్చుంటే రక్తం ఆడదు అవ్వా," అంటూ తహ్వో గొడ్డలి తీసుకుని బయటికి నడిచాడు. కట్టెలు చీల్చే చప్పుడు మంచులో మెత్తగా వినబడసాగింది.

అవ్వ మెడ సాచి బయటికి చూసింది. తర్వాత సైమి వైపు వంగింది. "వాడి చేతులకి ఏ రోగమూ లేదే పిల్లా. ఆ కిటికీలోంచి నాకంతా కనబడుతుంది. మంచులో గుచ్చుకుని మరీ వస్తాడు."

"తెలిసి ఎందుకు ఊరుకున్నావు అవ్వా?"

"ఏం చెయ్యను? ఇంట్లో వాడికి పలకరించే దిక్కు లేదు. ఊరికే వచ్చి కాఫీ తాగి పోరా అంటే రాడు, అంత పొగరు. పాపం, ఏదో వంక పెట్టుకుని వస్తున్నాడు. కాదనలేక రోజూ పొయ్యి ముట్టిస్తున్నాను." అవ్వ కప్పులు దించింది. మూడు. "వాడితో అనకు. సిగ్గుపడి మానేస్తాడు."

సైమి ఎవరితోనూ ఏమీ అనలేదు.

మర్నాడు పట్నం బస్సు వచ్చే వేళకి పోస్టాఫీసు పొయ్యి ఎర్రగా మండుతోంది. మీద కాఫీ, పక్కన పళ్లెం నిండా ఏలకులు వేసిన తీపి రొట్టెలు. బస్సు నడిపే ఓస్మో ఉత్తరాల సంచి కోసం తల లోపలికి పెట్టాడు.

"కూర్చో ఓస్మో. పాదాలు చల్లబడి ఉంటాయి," అంది సైమి.

"లేదే. బస్సులో హీటరుంది."

"చల్లబడ్డాయి," అంది సైమి.

ఓస్మో ఆమె ముఖం చూశాడు, పళ్లెం చూశాడు, తన బూట్లు చూసుకున్నాడు. అవునేమో అనిపించింది. కూర్చున్నాడు. రెండో కప్పు పోస్తుండగా, దూరాన సరస్సు మీద మోటార్‌సైకిల్ చప్పుడు, తొందరేమీ లేకుండా, వినిపించింది.