తూంకుంట ఏజెంటు కలిపిన ఆరు నెలలు

మా పై వాటాలో అద్దెకుండే అమ్మాయి నర్సు. గల్ఫ్‌కు వెళ్లాలని తూంకుంటలో ఒక ఏజెంటుకు తన ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ ఇచ్చింది. అక్కడి లైసెన్సుకు రెండేళ్ల అనుభవం కావాలన్నారు. మేడ్చల్ ఆసుపత్రిలో ఆమె చేసింది ఏడాదిన్నరే. అయినా ఫైలు తయారైంది, వచ్చి సంతకం పెట్టమని ఏజెంటు ఫోన్ చేశాడు. చాలా ఏళ్లు పత్రికలో పనిచేసినవాణ్ని, అంత సులువుగా తయారయ్యే ఫైలంటే నాకు అనుమానం. ఆమెతో పాటు వెళ్లాను.

ఫైలులోని అనుభవ పత్రంలో రెండేళ్లని ఉంది, కింద ఆసుపత్రి ముద్ర.

"గీ మొదటి ఆర్నెల్లు నేను ఇంక కాలేజీలనే ఉన్న గద అన్నా?" అందామె.

"అందరు గిట్లనే పెడ్తరు చెల్లె. గంత దూరంకెల్లి ఎవడొచ్చి చూస్తడు?"

లైసెన్సు ఇచ్చేవాళ్లు ఆసుపత్రికే నేరుగా రాసి అడుగుతారని, దొరికితే ఇక లైసెన్సు ఆశ వదులుకోవాల్సిందేనని ఆమెకు సీనియర్లు చెప్పి ఉన్నారు.

"నా ఒరిజినల్స్ ఇయ్యన్నా."

"అవి మెయిన్ ఆఫీసుల ఉన్నయ్. రేపు రా."

మెయిన్ ఆఫీసు ఎక్కడని అడిగాను. చాయ్ తాగుతారా సార్ అన్నాడు.

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. "వార్డుల పన్నెండు గంటలు నిలబడేదాన్ని. కూసునుడు నాకో కష్టమా? తెప్పియ్యి."

మధ్యాహ్నం దాటాక అతను లేచి, వెనకున్న బీరువాలోంచే కవరు తీశాడు. ఆమె ఒక్కో సర్టిఫికెట్ మీద ఉబ్బెత్తు ముద్రను బొటనవేలితో తడిమి, కలర్ జిరాక్సు కాదని తేలాకే లేచింది.

"మిగిలిన ఆర్నెల్లు మేడ్చల్లనే చేస్త సార్," అంది మెట్లు దిగుతూ. అతను బీరువా వైపు తిరిగినప్పుడు ఫైలులోంచి నేను తీసేసిన ఆ దొంగ పత్రం నా జేబులోనే ఉంది. అతని దగ్గర ఇంకో ప్రతి లేదంటే మాత్రం నేను నమ్మను.