వినపడ్డవాళ్ల లెక్క

ఫిబ్రవరి వచ్చిందంటే ఆ ఇంట్లో కూరకి ఉప్పు తప్పడం మామూలే. ఒకరోజు అసలే ఉండదు, మర్నాడు రెండింతలు పడుతుంది. సిటీ బస్సు నడిపే భర్త నోరెత్తకుండా తినేవాడు. "నెలాఖరుకి పుస్తకం అచ్చుకి పోతుందిగా, అప్పటిదాకా ఇంతే" అని తల్లికి సైగలతో చెప్పేవాడు. తల్లికి చెముడు.

ఆ పుస్తకం దివ్యాంగుల సంక్షేమ శాఖ వార్షిక ప్రగతి నివేదిక. ఏడాదిలో శాఖ ఏం కొన్నది, ఎవరికి ఇచ్చింది, ఎన్ని అర్జీలు తీర్చింది అన్నదంతా అందులో ఉంటుంది. పంతొమ్మిదేళ్లుగా దాన్ని కూర్చేది ఆ ఇంటి కోడలే. అన్ని సెక్షన్ల నుంచీ వచ్చే అంకెల్ని గళ్లలో పొందిగ్గా సర్దుతుంది కాబట్టి ఆఫీసులో చిన్నాపెద్దా అందరికీ ఆవిడ పట్టికలక్క. ఒక్క అంకె తేడా వచ్చినా మూడో అంతస్తు నుంచి కిందకి దిగి, ఫైలు తీయించి, చూసుకుంటేగాని ఆవిడకి అన్నం సయించదు.

ఆ ఏడు ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఆవిడ దారపుండ కోసం అత్తగారి అలమర వెతుకుతుంటే, చీరల అడుగున ఒక చిన్న అట్టపెట్టె కనిపించింది. లోపల చెవి వెనక పెట్టుకునే మిషను, కొత్తది కొత్తగానే ఉంది. కిందటేడు శాఖ పెద్ద సభ పెట్టి ఇచ్చినవాటిలో ఒకటి. వరసలో నిలబడి అత్తగారు తీసుకున్నదే.

"ఎందుకు పెట్టుకోవడం లేదత్తయ్యా?" అని గొంతు చించుకుంది కోడలు.

"ఈల వేస్తుందే అది. కుక్కరనుకుని రెండుసార్లు పొయ్యి కట్టేశాను. నువ్వొచ్చి బియ్యం ఉడకలేదంటే నీ పొయ్యిదే తప్పన్నాను."

"మరి నాకు చెప్పొచ్చుగా?"

అత్తగారు పెట్టె మూత నొక్కి మూసింది. "నువ్వు చేసే ఉద్యోగమే అదాయె. నీ పని బాగాలేదని నా నోటితో నేనెలా చెప్పనూ?"

ఆ మాట కోడలికి ముల్లులా గుచ్చుకుంది. సోమవారం పట్టిక తెరిచేసరికి ఆ వరసే కళ్లబడింది. చెవి మిషన్లు: లక్ష్యం పన్నెండు వందలు, సేకరణ పన్నెండు వందలు, పంపిణీ పన్నెండు వందలు, ప్రగతి వంద శాతం. అందులో ఒకటి తన ఇంట్లో చీరల కింద ఉందని ఆవిడకి తెలుసు.

భోజనాల వేళ టిఫిన్ డబ్బా పక్కకి జరిపి, లబ్ధిదారుల జాబితా ముందేసుకుని ఫోన్లు చేయడం మొదలుపెట్టింది. మిషను తీసుకున్నవాళ్లకి ఫోనులో వినపడదు కదా, కొడుకులూ కోడళ్లూ మధ్యవర్తులు. ఒక ముసలాయన దాన్ని మనవరాలి పెళ్లికి పెట్టుకుందామని దాచుకున్నాడట. ఇంకొకరికి బ్యాటరీ నెలలోనే అయిపోయింది, ఆ సైజుది ఏ కొట్లోనూ దొరకలేదు. ఒక రిటైర్డు హెడ్మాస్టరు కొడుకు చేతిలోంచి ఫోనందుకుని, "నా చెవికి వదులు తల్లీ, మా ఆవిడ చెవికి బిగుతు. ఇద్దరం మార్చి మార్చి చూశాం" అన్నాడు. తొమ్మిది రోజుల్లో నలభైమందిని అడిగితే, వాడుతున్నవాళ్లు పదకొండుమంది తేలారు.

ఆవిడ పట్టికలో ఇంకో గడి గీసింది. పైన 'వాడుతున్నవారు' అని రాసింది.

కొనుగోళ్ల సూపరింటెండెంటు దాన్ని చూసి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మనిషి మంచివాడే, భయస్థుడు. "మేం టెండరు పిలిచి సరుకు తెప్పించేందుకు తొమ్మిది నెలలు పట్టేది, నాలుగు నెలల్లో తెచ్చాం. ఈ ఒక్క ఏడే కాస్త తలెత్తుకున్నాం. ఇప్పుడు నువ్వు కొరివితో తల గోక్కుంటే ఎలా అక్కా?"

"నా తలేగా, నేను గోక్కుంటాను" అని ఆవిడ డైరెక్టరు గదికి వెళ్లింది.

డైరెక్టరు పట్టికా, ఫోన్లలో రాసుకున్న చిట్టా అంతా చదివాడు. పెన్సిలు తీసి ఆ కొత్త గడిని అడ్డంగా కొట్టేశాడు. "నలభైమంది మాట పన్నెండు వందలమందికి అంటగట్టలేం కదమ్మా. పుస్తకంలో వద్దు. ఈ చిట్టా మాత్రం నా దగ్గర వదిలి వెళ్లండి."

పుస్తకం వంద శాతంతోనే అచ్చయింది. అట్ట మీద నవ్వుతున్న ముఖాల ఫొటో. ఎప్పుడూ ఒక ప్రతి ఇంటికి తెచ్చి భర్తకి చూపించే మనిషి, ఆ ఏడు తేలేదు. ఆయనే ఒక సెలవురోజు తల్లిని చెవి మిషన్ల దుకాణానికి తీసుకెళ్లి, చెవిలో మెత్తటి ముద్ద పెట్టించి అచ్చు తీయించి, దాన్నిబట్టి రబ్బరు తొడుగు చేయించాడు. ఈల ఆగిపోయింది. ఆ సాయంత్రం కోడలు అలవాటు కొద్దీ, "కాఫీ తాగుతారా?" అని కేకేస్తే, "ఎందుకే అలా అరుస్తావు, నేనేమైనా చెవిటిదాన్నా?" అంది అత్తగారు. ముగ్గురూ కడుపు పట్టుకుని నవ్వారు. ఆ నవ్వులోనే కోడలికి ఆ నలభైమంది గుర్తొచ్చారు. ఒక్క తొడుగు తేడా. మిగతావాళ్లకి అది ఎవరు చేయిస్తారు?

జూన్‌లో కొత్త కొనుగోలు ఫైలు ఆవిడ బల్ల మీదకి వచ్చింది. ఆవిడ సెక్షనుకి రావలసిన ఫైలు కాదది. లోపల ఆవిడ చిట్టా కుట్టి ఉంది. దాని పక్కన డైరెక్టరు చేతిరాత: 'వీరితో కూర్చుని షరతులు మార్చండి.'

సూపరింటెండెంటు గొణుక్కుంటూనే పక్కన కూర్చున్నాడు. ప్రతి మనిషికీ చెవి అచ్చు తీయాలి, ఏడాదికి సరిపడా బ్యాటరీలు ఇవ్వాలి, నెల తర్వాత మళ్లీ వచ్చి చూడాలి అని ఆవిడ చెప్పింది. "చూడాలి అని రాస్తే ఎవడూ చూడడక్కా" అన్నాడతను. కాసేపు పెన్ను నమిలి, తనే రాశాడు: కంపెనీవాళ్లు రెండోసారి వచ్చి, వినపడుతోందని తీసుకున్న మనిషి సంతకం చేశాకే ఆ మిషను సరఫరా అయినట్టు, బిల్లు అప్పుడే. ఇరవయ్యేళ్లు టెండర్లు చూసిన బుర్ర ఊరికే పోలేదు. పాత మిషన్లకి కూడా తొడుగులు చేయించాలన్న మాటని మాత్రం కమిటీ తీసేసింది. ఆవిడ ఎంత పోరినా నిలవలేదు.

షరతులు చూసి కంపెనీలు జంకాయి. పని మూడు నెలలు వెనకపడింది. మరుసటి ఫిబ్రవరికి పంచగలిగింది వెయ్యి మిషన్లే. ఈసారి కొత్త గడికి డైరెక్టరే సంతకం పెట్టాడు. నెల తర్వాత వాడుతున్నవారు: ఆరువందల పదిమంది.

సమీక్షకి శాఖ కార్యదర్శి వచ్చింది. పేజీలు తిప్పుతూ ఆ వరస దగ్గర ఆగింది. "కిందటేడు వంద శాతం, ఈ ఏడు అరవై ఒకటా? దీన్ని ప్రగతి అంటారా?"

డైరెక్టరు వెనక్కి తిరిగి, "మీరే చెప్పండమ్మా" అన్నాడు. ఇరవయ్యేళ్లలో సమీక్షలో పట్టికలక్క నోరు విప్పింది లేదు. లేచి నిలబడింది.

"కిందటేడు ఇచ్చిన మిషన్లని లెక్కపెట్టామండీ. ఈ ఏడు వినపడ్డవాళ్లని లెక్కపెట్టాం."

"అలా లెక్కేస్తే కిందటేడు ఎంత?"

"అందరినీ అడగలేదండీ. నలభైమందిని అడిగితే పదకొండుమంది."

కార్యదర్శి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మిగిలిన మూడువందల తొంభైమందికి ఏమైందో నెలలో నాకు తెలియాలి. చక్రాల కుర్చీలకీ ఇదే గడి పెట్టండి."

సూపరింటెండెంటు పట్టికలక్క వైపు వంగి, "అయిపోయింది. ఇక మనకి ఆదివారాలు లేవు" అన్నాడు. అతని ముఖంలో మాత్రం విసుగు కనిపించలేదు.

చక్రాల కుర్చీల జాబితాలో మొదటి ఇల్లు ఒక దర్జీ అమ్మాయిది. ఇరుకు సందు చివర రెండు గదులు. కుర్చీ బయట గోడకి ఆనించి ఉంది, దాని మీద తడిబట్టలు ఆరేసి ఉన్నాయి. అమ్మాయి లోపల నేల మీద కూర్చుని, మోకాళ్లకి అడ్డంగా గుడ్డ పరుచుకుని కుడుతోంది.

"కుర్చీ బాగానే ఉందండీ. గుమ్మమే దాటదు" అంది సిగ్గుపడుతూ, తప్పు తనదే అయినట్టు.

పట్టికలక్క సంచీ కింద పెట్టి, చీర కుచ్చెళ్లు ఎగదోపి, గుమ్మం ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"నీ టేపు ఒకసారి ఇలా ఇయ్యమ్మా" అని చెయ్యి చాపింది.